ఆ తల్లి గడప తొక్కిన మాస్టారు

(‘క్వీన్ ఆఫ్ కాట్వే’ సినిమా ప్రదర్శన తర్వాత సండే స్కూల్ టీచర్లు, హాస్టల్ వార్డెన్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ వందనాలు. ఇంతసేపు ఓపికగా కూర్చుని సినిమా చూశారు. ఇంకాసేపు నాతో కూర్చోమని అడుగుతున్నాను. ఈ సినిమాలో కప్పులు గెలిచే సన్నివేశాలు మనకెలాగూ గుర్తుంటాయి. నేను మాట్లాడాలనుకుంటున్నది, మురికివాడ పిల్లలకు చదరంగం నేర్పే రాబర్ట్ కటెండె మాస్టారు ఫియోనా అనే పిల్ల తల్లి హారియట్ ఉండే చోటికి వెళ్లి, ఆమె కోపంగా మాట్లాడుతుంటే నిలబడి విన్న సన్నివేశం గురించి. పిల్లలతో పనిచేసే మనందరికీ ఈ సినిమాలో అసలు పాఠం అక్కడే ఉందని నా నమ్మకం.

ముందు కథ ఎక్కడిదో, ఎవరిదో చెప్పుకుందాం. ఇది కల్పించిన కథ కాదు. ఉగాండా రాజధాని కంపాలాలో కాట్వే అనే పెద్ద మురికివాడ ఉంది. లోతట్టు ప్రాంతం, వాన పడితే నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. ఫియోనా ముటేసి అక్కడ పెరిగింది. ఆమెకు మూడేళ్లు వచ్చేసరికి తండ్రి ఎయిడ్స్‌తో చనిపోయాడు. ఆ తర్వాత కొద్దికాలానికే ఒక అక్క కూడా పోయింది. ఫీజు కట్టలేక చదువు మానిపించారు. ఆ పిల్ల మొక్కజొన్న కంకులు అమ్మేది. 2005లో, తొమ్మిదేళ్ల వయసులో, ఒకరోజు అన్న బ్రయన్ ఎక్కడికి వెళ్తున్నాడో చూద్దామని వెంట వెళ్లింది. అక్కడ ఒక వరండాలో పిల్లలు చదరంగం బోర్డుల ముందు కూర్చుని ఉన్నారు. వాళ్లకు జావ పోస్తున్నారు.

టిమ్ క్రోథర్స్ అనే అమెరికన్ పాత్రికేయుడు ఈ పిల్ల గురించి 2011లో ఒక పత్రికలో వ్యాసం రాశాడు, 2012లో దాన్ని పుస్తకంగా విస్తరించాడు. దాని ఆధారంగా 2016లో డిస్నీ సంస్థ ఈ సినిమా తీసింది. దర్శకురాలు మీరా నాయర్ మన పక్కనున్న ఒడిశాలోని రూర్కెలాలో పుట్టింది. ఆమెకు కంపాలాలో ఇల్లుంది. 2004లో అక్కడ మైషా అనే సినిమా శిక్షణ సంస్థ పెట్టి తూర్పు ఆఫ్రికా యువతకు సినిమా తీయడం నేర్పిస్తోంది. అందుకే ఈ సినిమాలో ఆఫ్రికా పేదరికం చూసి జాలిపడే పరాయి కన్ను కనబడదు. చాలా సన్నివేశాలు కాట్వే వీధుల్లోనే తీశారు. పిల్లల్లో చాలామంది అంతకుముందు ఎప్పుడూ నటించలేదు. ఫియోనాగా వేసిన మదీనా నల్వంగా కూడా చిన్నప్పుడు వీధుల్లో మొక్కజొన్న అమ్మిన పిల్లే.

ఇక జావ సంగతి. రాబర్ట్ కటెండె పనిచేసింది స్పోర్ట్స్ అవుట్‌రీచ్ అనే క్రైస్తవ పరిచర్యలో. ఆటల ద్వారా పేద పిల్లల దగ్గరికి వెళ్లడం వాళ్ల పని. మొదట ఆయన కాట్వేలో ఫుట్‌బాల్ ఆడించేవాడు. కొందరు పిల్లలు ఆడకుండా పక్కన కూర్చుని చూస్తూ ఉండేవారు. బక్కగా ఉన్నవాళ్లు, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరు పెడతారని భయపడేవాళ్లు. వీళ్ల కోసం ఏం చేయాలని ఆలోచించి 2004లో చదరంగం మొదలుపెట్టాడు. ఇది నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. ఆడేవాళ్లు చాలామంది ఉన్నప్పుడు ఆడనివాళ్ల వైపు చూడటం తేలిక కాదు. మన సండే స్కూల్‌లో కూడా పాటకు ముందుకొచ్చేవాళ్లు, వాక్యం కంఠతా చెప్పేవాళ్లు మన కంట పడతారు. వెనక గోడకు ఆనుకుని కూర్చునే ఇద్దరు ముగ్గురి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

పిల్లలు జావ కోసం వచ్చారు. ఫియోనా కూడా జావ కోసమే వచ్చింది. కటెండెకు ఆ సంగతి తెలుసు. తెలిసినా తప్పు పట్టలేదు. ప్రార్థన చేస్తేనే జావ అనలేదు, ఆట నేర్చుకుంటేనే జావ అనలేదు.

ఈ మాట దగ్గర మన నేల చరిత్ర గుర్తు చేయాలి. 1876–78 కరువులో ఒంగోలు ప్రాంతంలో మనుషులు రాలిపోతున్నప్పుడు అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి, తిండి దొరికేలా చేశాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. కరువు పని నడిచినంతకాలం ఆయన ఇవ్వలేదు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట ఆ పేదల మీద పడకూడదనుకున్నాడు. కరువు సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మన సంఘాల్లో అందరూ చెప్తారు. దాని ముందు ఆయన ఆగిన ఆ నెలల గురించి కూడా అంతే చెప్పుకోవాలి. అన్నం పెట్టే చెయ్యి షరతు పెట్టకూడదని ఒంగోలులో ఆయనకూ తెలుసు, కాట్వేలో కటెండెకూ తెలుసు.

సినిమాలో భక్తి తక్కువగా ఉందని ఇక్కడ కొందరికి అనిపించి ఉండవచ్చు. మొన్న ఇంకో చోట చూపించినప్పుడు ఒక పాస్టరుగారు నాతో ఇదే అన్నారు. యేసు పేరు ఎక్కువసార్లు వినబడదు, మారుమనస్సు సన్నివేశం లేదు. పుస్తకంలో విశ్వాసం గురించి ఇంకా విపులంగా ఉంది. డిస్నీ అన్ని రకాల ప్రేక్షకుల కోసం తీసింది కాబట్టి కొంత తగ్గించింది. కానీ నాకు ఆ లోటు కనబడలేదు. కటెండె పాత్ర వేసిన డేవిడ్ ఒయెలోవో తన క్రైస్తవ విశ్వాసం గురించి బహిరంగంగా చెప్పుకునే నటుడు. ఆయన కటెండెను ఎలా చేశాడో చూడండి. గొంతు పెంచడు. పిల్లలతో మాట్లాడేటప్పుడు వాళ్ల ఎత్తుకు దిగుతాడు. ఇంజనీరింగ్ చదివినవాడు, పలుకుబడి గల బంధువులు లేక ఉద్యోగం దొరకనివాడు. చివరికి మంచి ఉద్యోగం దొరికే సమయానికి పిల్లలు ఆయన మీద ఆధారపడి ఉన్నారు. ఆ ఉద్యోగం వద్దనుకుంటాడు. ఇంట్లో భార్య సారా ఉంది, చంటిబిడ్డ ఉంది, సంపాదన అంతంత మాత్రం. ఆ నిర్ణయాన్ని సారా తనదిగా చేసుకుంటుంది. ఒక బైబిలు వాక్యానికి లోబడటం తెరమీద ఎలా కనబడాలో అలాగే కనబడింది. అక్కడ వెనకాల కీర్తన వినిపించి ఉంటే నాకు ఎక్కువేమీ తెలిసేది కాదు.

నిజ జీవితంలో కటెండె కూడా దిక్కులేని పిల్లాడే. అమ్మమ్మ దగ్గర పెరిగాడు, చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్నాడు. ఫుట్‌బాల్ ఆడుతూ తీవ్రంగా గాయపడ్డాడు. ఆ పిల్లల ఆకలి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు హారియట్ దగ్గరికి వద్దాం. లుపితా న్యోంగో వేసిన తల్లి పాత్ర. సినిమా అయ్యాక అందరూ మాస్టారి గురించి, ఫియోనా గురించి మాట్లాడతారు. ఈ తల్లిని అర్థం చేసుకోకుండా ఈ సినిమా అర్థం కాదు. భర్త లేడు. నలుగురు పిల్లలు. కూరగాయలు అమ్ముతుంది. ఒళ్లమ్ముకుంటే బతుకు తేలికవుతుందని చెప్పే లోకంలో తలెత్తుకుని నడుస్తుంది. పెద్ద కూతురు నైట్ మోటారుసైకిల్ మీద వచ్చే మగవాడి వెంట వెళ్లిపోయింది. అలాంటి తల్లికి, తన పిల్లలు కంకులు అమ్మకుండా ఎవరో మగమనిషి దగ్గర ఏదో ఆట ఆడుతున్నారని తెలిస్తే ఏమనుకుంటుంది? జూదం అనుకుంటుంది. అంతకంటే చెడ్డది కూడా అనుకుంటుంది. అనుకోవడం ఆమె బాధ్యత.

కటెండె అక్కడ ఏం చేశాడు? ‘ఈవిడకు చదువు లేదు, పిల్ల భవిష్యత్తు పాడు చేస్తోంది’ అనలేదు. ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆమె మాట విన్నాడు. ఆమె భయం ఒక్కటే. పిల్లలకు లేనిపోని ఆశ పెట్టి రేపు మీరు వెళ్లిపోతే, ఆ ఆశతో ఈ వాడలో ఆ పిల్ల ఎలా బతుకుతుంది? ఇది మన హాస్టళ్లలో, మన ట్యూషన్ సెంటర్లలో ప్రతి తల్లి మనసులోనూ ఉండే ప్రశ్న. చాలామంది బయటికి అనరు. టీచరమ్మ ముందు, పాస్టరయ్య ముందు తల వంచుకుని ‘మీ ఇష్టం అండీ’ అంటారు. ఆ మాటను మనం సమ్మతి అనుకుంటాం.

ఫియోనా పోటీలకు వెళ్లడం మొదలయ్యాక ఈ భయం నిజమైంది కూడా. కింగ్స్ కాలేజ్ బూడో అనే పెద్ద బడిలో పోటీ. ఈ పిల్లల్ని రానివ్వడానికే అక్కడివాళ్లకు ఇష్టం లేదు. ప్రవేశ రుసుం కోసం మాస్టారు ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడి డబ్బు తెస్తాడు. తోటి ఆటగాడు ఫియోనాకు చెయ్యి కలిపి వెంటనే తుడుచుకుంటాడు. రాత్రి మంచాలు ఇస్తే ఆ మెత్తదనం అలవాటు లేక పిల్లలంతా కిందికి దిగి ఒకరి పక్కన ఒకరు పడుకుంటారు. మర్నాడు వాళ్లే గెలుస్తారు. 2009లో, ఇప్పటి దక్షిణ సూడాన్‌లోని జూబాలో జరిగిన అంతర్జాతీయ పోటీకి ఫియోనా, తోటి పిల్లలు ఐవన్, బెంజమిన్ వెళ్లి గెలిచి వచ్చారు. విమానం ఎక్కి, హోటల్ గదిలో పడుకుని వచ్చిన పిల్ల మళ్లీ కాట్వేకి వచ్చి నీళ్లు మోయాలి. ఫియోనాకు చిరాకు. ఇంటి పని చేయాలనిపించదు. తల్లితో మాట పెడసరంగా వస్తుంది. మీ హాస్టల్ పిల్లలు దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు వాళ్ల అమ్మలు ఫోన్ చేసి ఏం చెప్తారో మీకు తెలుసు. ‘మా ఇంటి అన్నం తినట్లేదండీ.’

పిల్లను పైకి తీసుకెళ్లే మనిషి ఈ చోట చాలా జాగ్రత్తగా ఉండాలి. పిల్ల తల్లిని చూసి సిగ్గుపడే రోజు వస్తే మనం పెట్టిన చదువంతా ఆ పిల్లకు బరువే. హారియట్ తన దగ్గరున్న మంచి బట్ట అమ్మి, కూతురు రాత్రి చదువుకోవడానికి కిరోసిన్ కొంటుంది. దర్శకురాలు ఆ సన్నివేశాన్ని ఎక్కువ సాగదీయలేదు. కానీ నాకు సినిమా మొత్తంలో అంత పెద్ద త్యాగం ఇంకొకటి కనబడలేదు. మాస్టారు వదులుకున్నది ఉద్యోగం. ఆమె వదులుకున్నది చేతిలో ఉన్న చివరి వస్తువు. మన వార్షికోత్సవాల్లో దాతలకు శాలువా కప్పుతాం. ఒక్క ఏడాదైనా ఆ పిల్లల తల్లుల్ని వేదిక మీదికి పిలిచామా?

ఫియోనాకు ఆట మొదట నేర్పింది మాస్టారు కూడా కాదు. ఆమెకంటే బాగా చిన్నదైన గ్లోరియా అనే పిల్ల. బంటు చివరి గడి దాకా నడిస్తే రాణి అవుతుందని చెప్పింది ఆ చిట్టి పిల్లే. మాస్టారు వాళ్లిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి పక్కకు తప్పుకున్నాడు. నేర్పగలనని ఒక పిల్లకు తెలియడం కూడా చదువే. పెద్దపిల్ల చిన్నపిల్ల దగ్గర నేర్చుకోవడంలో తప్పు లేదని తెలియడం ఇంకో చదువు. ఒంటి వాసన అని ఏడిపించిన మగపిల్లలతో ఫియోనా కొట్లాడి, మర్నాడు ఒళ్లు తోముకుని వచ్చింది గుర్తుందా? ఎవరూ ఉపదేశం చేయలేదు. రావాలనిపించే చోటు ఉంది కాబట్టి శుభ్రంగా వచ్చింది.

గ్లోరియా పాత్ర వేసిన పాప గురించి ఒక మాట చెప్పాలి. ఆ పాప పేరు నికితా వలిగ్వా. 2016లో మెదడులో కణితి ఉందని తేలింది. ఉగాండాలో తగిన పరికరాలు లేకపోతే, మీరా నాయర్ తెలిసినవాళ్లందరినీ కదిలించి మన దేశంలో వైద్యం చేయించడానికి డబ్బు కూడగట్టింది. కొంతకాలం బాగుంది. తర్వాత మళ్లీ తిరగబెట్టింది. 2020 ఫిబ్రవరిలో, 15 ఏళ్ల వయసులో నికితా చనిపోయింది. షూటింగ్ అయిపోయింది, ఇక సంబంధం ఏముందని దర్శకురాలు అనుకోలేదు. మీరా నాయర్ మొదటి నుంచీ అంతే. 1988లో ముంబై వీధి పిల్లలతో ‘సలాం బాంబే’ తీశాక ఆ పిల్లల్ని వదిలేయకుండా సలాం బాలక్ ట్రస్ట్ ఏర్పడేలా చేసింది. ఆ ట్రస్టు ఇప్పటికీ పనిచేస్తోంది. ఆమె క్రైస్తవురాలు కాదు. అయినా ఈ విషయంలో మన సంఘాలు ఆమె దగ్గర నేర్చుకోవలసింది ఉంది. మనం ఒక్కోసారి పిల్లల ఫోటోలు తీసి నివేదికలో పెట్టుకుంటాం. ఆ ఫోటోలో ఉన్న పిల్ల ఐదేళ్ల తర్వాత ఎక్కడుందో చెప్పగలగాలి.

ఓటమి గురించి కూడా మాట్లాడాలి. 2010లో రష్యాలోని సైబీరియా ప్రాంతంలో, ఖాంటీ మాన్సీస్క్ అనే చోట చెస్ ఒలింపియాడ్ జరిగింది. ఫియోనా ఉగాండా జట్టులో ఆడింది. మొదటి ఆటలోనే కెనడా క్రీడాకారిణి చేతిలో ఓడింది. ప్రపంచమంతా నుంచి వచ్చినవాళ్లు, కోచ్‌లు, కంప్యూటర్లు, ఏళ్ల తరబడి శిక్షణ. ఈ పిల్ల పుస్తకం చదవడం నేర్చుకున్నదే కొత్త. సినిమాలో ఆ ఓటమి తర్వాత ఆమె ఇక ఆడనంటుంది. అంత గెలుపు చూపించి, గెలిపిస్తానన్న ధైర్యం ఇచ్చిన మాస్టారుకు ఇది పరీక్ష. ఆయన ఆమెను తిట్టలేదు. ‘నువ్వు గెలిచావులే’ అని అబద్ధపు ఓదార్పూ ఇవ్వలేదు. ఓడిన ఆటను చూడటం నేర్పించాడు. మన తెలుగు ఇళ్లలో ఇంటర్ ఫలితాల వారం ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? ఆ వారంలో పిల్లలు ఏం చేసుకుంటున్నారో పేపర్లో చదువుతున్నాం. ఆ రాత్రి ఫోన్ చేసి ‘ఏం రా, అన్నం తిన్నావా’ అని అడిగే ఒక పెద్దమనిషి ఆ పిల్లకో పిల్లాడికో ఉంటే ఎంత తేడా ఉంటుందో ఆలోచించండి. మార్కులు అడగకుండా.

ఫియోనా తర్వాత 2012లో ఇస్తాంబుల్ ఒలింపియాడ్‌లో ఉమన్ క్యాండిడేట్ మాస్టర్ టైటిల్‌కు అర్హత పొందింది. మహిళల చదరంగం టైటిళ్లలో అది మొదటి మెట్టు. గ్రాండ్‌మాస్టర్ కాలేదు. ఇది కూడా సూటిగా చెప్పుకోవాలి. మన కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆమె తండ్రి అశోక్ గారు ఉద్యోగం మానుకుని కూతురికి శిక్షణ ఇచ్చారు. ప్రతిభకు ఇల్లు తోడైతే ఏమవుతుందో మనకు కళ్లముందే ఉంది. కాట్వేలో ఆ ఇల్లు లేదు. వరండా ఉంది. ఆ వరండా ఇవ్వగలిగినంత ఇచ్చింది. ఫియోనా, తనతో పెరిగిన బెంజమిన్ ఇద్దరూ అమెరికాలోని నార్త్‌వెస్ట్ యూనివర్సిటీ అనే క్రైస్తవ విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. కటెండె ఇంకా పిల్లలతోనే ఉన్నాడు, చదరంగం అకాడమీ నడుపుతున్నాడు. సినిమా చివర్లో నటీనటుల పక్కన అసలు మనుషులు వచ్చి నిలబడతారు కదా, అందులో మనకు పేర్లు కూడా గుర్తులేని పిల్లలున్నారు. కప్పు గెలవనివాళ్లు. వాళ్లకూ అదే జావ, అదే మాస్టారు. వసూళ్ల లెక్కలో ఈ సినిమా పెద్దగా ఆడలేదు. సుమారు కోటిన్నర డాలర్లు పెట్టి తీస్తే అంత కూడా తిరిగి రాలేదు. అయినా పిల్లలతో పనిచేసేవాళ్లు ఒకరికొకరు చూపించుకుంటూ ఉన్నారు, ఇవాళ మనం చూసినట్టు.

మనం చేయాల్సిన పని గురించి చెప్పి ముగిస్తాను. వచ్చే మే నెలలో వీబీఎస్, అంటే సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు బడి, ఉంది. పాటలు, చార్టులు, బహుమతులు ఎలాగూ సిద్ధం చేస్తారు. ఈసారి దానికంటే ముందు ప్రతి టీచరు తన క్లాసులో ఐదుగురు పిల్లల ఇళ్లకు వెళ్లాలని అడుగుతున్నాను. వెళ్లేటప్పుడు కరపత్రం పట్టుకెళ్లవద్దు. అమ్మ పనికి వెళ్లే సమయం కనుక్కుని, ఆవిడ ఇంట్లో ఉన్నప్పుడు వెళ్లండి. మిర్చి కోతల రోజుల్లో అయితే రాత్రి ఏడు దాటితే గాని దొరకరు. పిల్ల గురించి మీరు చెప్పేముందు ఆవిడను చెప్పనివ్వండి. ఆవిడకు మీ మీద అనుమానం ఉంటే బాధపడకండి. మీరెవరో, మీ పైన ఎవరున్నారో, ఫిర్యాదు ఎవరికి చెప్పాలో ఆవిడకు చెప్పి రండి. ఆపదలో ఉన్న పిల్లల కోసం ఉన్న హెల్ప్‌లైన్ 1098 నంబరు పిల్లలకూ, తల్లులకూ ఇద్దరికీ నేర్పండి.

ఇంకొకటి. కటెండె పాఠం చెప్పిన చోటు గుర్తుంచుకోండి. నలుగురూ చూస్తూ వెళ్లే వరండా. ఎవరైనా ఎప్పుడైనా తొంగి చూడవచ్చు. మన దగ్గర ఒక పెద్ద, ఒక పిల్ల తలుపు మూసిన గదిలో ఉండే పరిస్థితి ఏ కారణంతోనూ ఉండకూడదు, కౌన్సెలింగ్ అయినా ప్రార్థన అయినా సరే. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. పిల్లలపై అలాంటి నేరం జరిగిందని తెలిసి పోలీసులకు చెప్పకపోవడం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే. సంఘం పరువు కోసం దాచడం మన విశ్వాసానికీ విరుద్ధం, చట్టానికీ విరుద్ధం. ఈ విషయంలో పాస్టర్లు, వార్డెన్లు ఎవరికీ మినహాయింపు లేదు.

చదరంగం బోర్డులు కావాలన్నవాళ్లు పేర్లు రాయించండి. ఆట రాదని వెనక్కి తగ్గకండి, మీ క్లాసులో ఆట తెలిసిన పిల్ల ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లచేత నేర్పించుకోండి. ఇప్పుడు టీ తాగి, గుంపులుగా కూర్చుని ఏ వీధి ఎవరు తిరగాలో రాసుకుందాం. ఇళ్లకు వెళ్లడంలో మీకున్న ఇబ్బందులేమిటో వార్డెన్లు ముందు చెప్పండి, మీ హాస్టల్ పిల్లల ఊళ్లు దూరం కాబట్టి బస్సు ఖర్చు సంగతి కూడా ఇవాళే తేల్చుకోవాలి.